పాత లగ్జరీ కూపే కొనాలనుందా? ముందు మెకానిక్‌ని వెతకండి

‘కూపే కొంటున్నాను’ అని ఇంట్లో చెప్పిన రోజున అమ్మ రైలు టికెట్టు అనుకుంది. ఆవిడ తప్పేం లేదు. విజయనగరం స్టేషన్‌కు కూతవేటు దూరంలో పెరిగిన మనిషికి కూపే అంటే ఫస్ట్ క్లాసులో ఇద్దరు పడుకునే చిన్న గది. ఆ మాట ఫ్రెంచిది, ‘కోసినది’ అని అర్థం. గుర్రపు బగ్గీలో ఎదురుబొదురు సీట్లలో ఒక వరస తీసేసి కురచ చేస్తే దానికా పేరు పెట్టారు. ఇప్పుడు రెండే తలుపులున్న కారుకూ అదే పేరు. తరువాత బండి గుమ్మం ముందుకు వచ్చాక అమ్మ దాని చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, ‘ఇదేటి నాయనా, ఎనక తలుపుల్లేవు? గోడ దూకినట్టు దూకాలా?’ అంది. ఇప్పటికీ ఆవిడ ముందు సీట్లోనే కూర్చుంటుంది. వెనక్కి దూరేది మా ఆవిడ.

ఇది మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఉంటూ పది పదిహేనేళ్ల పాత జర్మన్ కూపేని మొదటిసారి కొనాలనుకునేవాళ్ల కోసం రాస్తున్నాను. హైదరాబాద్, బెంగళూరు వాళ్లకు ఇందులో సగం అక్కర్లేదు. వాళ్లకు ఈ బండ్లు తెలిసిన మెకానిక్ నాలుగు వీధుల అవతల దొరుకుతాడు. మనకు దొరకడు. మన కథంతా అక్కడి నుంచే మొదలవుతుంది.

మొదటి పని: బోనెట్ తెరిచేవాడెవరో తేల్చుకోండి

అందరూ ముందు బండి చూస్తారు, నచ్చుతుంది, అడ్వాన్స్ ఇస్తారు, ఆ తరువాత మెకానిక్ కోసం వెతుకుతారు. నేనూ అదే చేశాను. మీరు తిరగేసి చేయండి. నారాయణవలస సంతకు ఎద్దుల కోసం వెళ్లే రైతు కూడా పళ్లు చూడటం తెలిసిన మనిషిని వెంటబెట్టుకునే వెళ్తాడు.

కంపెనీ సర్వీస్ సెంటర్ కావాలంటే మనం విశాఖ వెళ్లాలి. విజయనగరం నుంచి 60 కిలోమీటర్లు, శ్రీకాకుళం నుంచి 100 పైనే. పలాస, ఇచ్ఛాపురం వాళ్లకు ఒక పూట ప్రయాణం. కంపెనీ సెంటర్ కంటే మీకు ఎక్కువ పనికొచ్చేది అలాంటి చోట కొన్నేళ్లు పనిచేసి బయటికి వచ్చి సొంత షెడ్డు పెట్టుకున్న మనిషి. విశాఖలో అలాంటివాళ్లు ఉన్నారు. ఆ బండ్లు ఇప్పటికే వాడుతున్న డాక్టర్లనో, గ్రానైట్ వ్యాపారులనో అడిగితే రెండు పేర్లు తప్పకుండా చెబుతారు.

ఆయన దగ్గరికి ఉత్త చేతులతోనే వెళ్లి నాలుగు ప్రశ్నలు అడగండి. బండి కంప్యూటర్లలోని తప్పులు చదివే స్కానర్ మీ దగ్గర ఏది ఉంది? బెంజ్‌కి ఎక్సెంట్రీ, బీఎండబ్ల్యూకి ఇస్టా, ఆడికి వీసీడీఎస్ అనే పేర్లు ఆయన నోటి నుంచి రావాలి. ఆన్‌లైన్‌లో వెయ్యి రూపాయలకు దొరికే ఓబీడీ ముక్క ఇంజన్ లైటు ఎందుకు వెలిగిందో చెబుతుందేమో గానీ, గేర్‌బాక్సూ ఎయిర్‌బ్యాగులూ ఏం మొరపెట్టుకుంటున్నాయో చెప్పదు. రెండో ప్రశ్న: ఈ ఇంజన్ మీరు ఎన్నిసార్లు విప్పారు? మూడోది: సామాన్లు ఎక్కడి నుంచి తెప్పిస్తారు? నాలుగోది అసలైనది: నేను బండి చూడటానికి వెళ్లేటప్పుడు రోజు కూలీ ఇస్తాను, నాతో వస్తారా? వస్తానన్నవాడే మీ మెకానిక్.

అలాగని మన ఊరి మెకానిక్‌ని తక్కువ చేయొద్దు. పార్ట్ నంబర్ చూసి సామాను మీరే తెప్పించి ఇస్తే బ్రేక్ ప్యాడ్లు, బుష్‌లు, లోయర్ ఆర్మ్‌లు అతను శుభ్రంగా వేస్తాడు. ఎలక్ట్రికల్ వైపు మాత్రం చేయి పెట్టనివ్వకండి. సైలెన్సర్‌కు వెల్డింగ్ చేసేటప్పుడు బ్యాటరీ కనెక్షన్ తీయకపోతే ఆ ఒక్క మెరుపుకు కంట్రోల్ బాక్సు, అంటే బండిలోని కంప్యూటర్, పోవచ్చు.

డబ్బు లెక్క

కొత్తగా 50, 60 లక్షలు పలికిన బండి ఈరోజు 12 లక్షలకో 15 లక్షలకో కనిపిస్తుంది. మన బుర్ర వెంటనే ‘క్రెటా ధరకు బెంజ్’ అని లెక్క కడుతుంది. తగ్గింది బండి ధర మాత్రమే. దాని బ్రేక్ డిస్క్, షాక్ అబ్జార్బర్, హెడ్‌లైట్ మాత్రం 60 లక్షల బండి సామాన్లుగానే ఉండిపోయాయి. కొన్న ధర మీద కాదు, బండి పుట్టిన ధర మీద ఏటా ఖర్చు ఊహించుకోండి.

నా లెక్క ఇది. చేతిలో 15 లక్షలు ఉంటే 10, 11 లక్షల బండి చూడండి. మిగిలినది వేరే ఖాతాలో పడేసి మరిచిపోండి. మొదటి ఏడాదిలోనే అది మిమ్మల్ని గుర్తు చేసుకుంటుంది. ఇంకోటి, ఇంట్లో ఇదొక్కటే కారు అయితే కొనకండి. పాత కూపే రెండో బండిగానే ముద్దు. వారం రోజులు షెడ్డులో ఉండిపోతే పిల్లల స్కూలు ఆగకూడదు కదా.

ఇన్సూరెన్స్ విషయానికొస్తే, 1500 సీసీ దాటిన సొంత కార్లకు ఏడాది థర్డ్ పార్టీ ప్రీమియం 2022 జూన్‌లో 7,897 రూపాయలుగా నిర్ణయించారు. అది భారం కాదు. సొంత నష్టానికి కట్టేదే ఎక్కువ. ఐదేళ్లు దాటిన బండికి ఐడీవీ, అంటే బీమా విలువ, మీరూ కంపెనీ మాట్లాడుకుని తేల్చుకోవాలి. ఇంత పాత బండికి జీరో డెప్, అంటే సామాన్ల పాతదనం కింద ఏమీ కోయకుండా చెల్లించే బీమా, సాధారణంగా ఇవ్వరు. బంపర్ పగిలితే ప్లాస్టిక్ విలువలో సగం మీ జేబులోంచే.

ఏ బండి?

మన దేశంలో సెకండ్ హ్యాండ్‌లో ఎక్కువగా కనిపించేవి ఆడి టీటీ రెండో తరం, బెంజ్ ఈ-క్లాస్ కూపే, బెంజ్ ఎస్ఎల్‌కే, బీఎండబ్ల్యూ జెడ్4. చివరి రెండూ టాపు మడత పడేవి, రెండే సీట్లు. మడత టాపు చూడటానికి గొప్పగా ఉంటుంది గానీ దాని హైడ్రాలిక్ గొట్టాలు, మోటార్లు, రబ్బర్లు మన వానాకాలానికి పుట్టినవి కావు. మొదటి కూపేగా వద్దంటాను.

టీటీ 2006 నుంచి 2014 దాకా వచ్చిన మోడల్. మొదట్లో వచ్చిన 2.0 లీటర్ల ఇంజన్‌లో టైమింగ్ బెల్టు ఉంటుంది, ఎప్పుడు మార్చారో బిల్లు చూపించాలి. 2010 తరువాతి ఇంజన్‌లో చెయిన్ ఉంటుంది. దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్ వదులైపోవడం, ఆయిల్ తాగడం పేరుపడ్డ జబ్బులు. పొద్దున్నే చల్లటి ఇంజన్ స్టార్ట్ చేస్తే మొదటి రెండు సెకన్లలో గొలుసు గలగల వినిపించిందా, అక్కడే దండం పెట్టి వచ్చేయండి. ఆరు గేర్ల డీఎస్‌జీ అనే ఆటోమేటిక్ గేర్‌బాక్సులో ప్రతి 60,000 కిలోమీటర్లకు ఆయిల్, ఫిల్టర్ మార్చాలి. చాలామంది మార్చరు.

ఈ-క్లాస్ కూపే 2009లో మొదలైంది. పేరుకి ఈ-క్లాస్ అయినా కింద ఎక్కువ భాగం సీ-క్లాసే, అందుకే కింది సామాన్లు కాస్త తేలిగ్గా దొరుకుతాయి. నలుగురు కూర్చోవచ్చు, నడక మెత్తన. మన రోడ్లకు నేను మొదటి ఓటు దీనికే వేస్తాను. అంతకుముందు 2005, 2006 నాటి 3.5 లీటర్ల వీ6 (ఆరు సిలిండర్ల) బెంజ్‌లు, సీఎల్‌కే, సీఎల్ఎస్ లాంటివి, చవగ్గా కనిపిస్తే ఆగండి. ఆ ఏళ్ల ఇంజన్లలో వణుకు తగ్గించే బ్యాలెన్స్ షాఫ్ట్ పళ్లు అరిగిపోయే లోపం ఉంది. దాన్ని సరిచేయాలంటే ఇంజన్ కిందికి దించాలి.

బీఎండబ్ల్యూ 3 సిరీస్ కూపే 2006 నుంచి 2013 వరకు వచ్చింది. నడపడానికి అన్నిటికంటే బావుంటుంది, దొరకడం అరుదు. దాని ఆరు సిలిండర్ల ఇంజన్లలో వాటర్ పంపు కరెంటుతో తిరుగుతుంది. లక్ష కిలోమీటర్ల చుట్టుపక్కల అది చెప్పాపెట్టకుండా పోతుంది.

ఎనిమిది సిలిండర్ల వీ8 బండ్లు ఎంత చవగ్గా వచ్చినా వాటి వైపు చూడకండి. చవగ్గా వస్తున్నాయంటేనే కారణం ఉంది.

కాగితాలు: బండి కంటే ముందు వీటిని చూడండి

నంబర్ తెలిస్తే ఎంపరివాహన్ అనే ప్రభుత్వ యాప్‌లో ఎన్నో ఓనర్, ఫైనాన్స్ ఉందా, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా, రిజిస్ట్రేషన్ గడువెంత అన్నీ కనిపిస్తాయి. చలాన్లు వేరుగా చూసుకోండి. స్పోర్ట్స్ బండి నడిపినవాళ్ల చలాన్ల చిట్టా చూస్తే బండిని ఎలా నడిపారో కూడా తెలిసిపోతుంది.

మన వాళ్లు ఎక్కువగా బోల్తా పడేది నంబర్ ప్లేట్ దగ్గర. ఏపీ 30 అంటే శ్రీకాకుళం, ఏపీ 35 అంటే విజయనగరం, ఏపీ 31 విశాఖ. 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39 అని ఒకటే సిరీస్ వచ్చాక ఆ గుర్తులు పోయాయి. కానీ పది పదిహేనేళ్ల పాత లగ్జరీ బండి అంటే ఎక్కువగా ఏపీ 09 తోనే ఎదురవుతుంది. అది హైదరాబాద్ నంబర్. ముందు ‘ఏపీ’ అని ఉంది కదా, మన రాష్ట్రం బండే అనుకుంటాం. రాష్ట్రం విడిపోయాక దాని రికార్డు తెలంగాణలో ఉంది. ఎన్‌ఓసీ, అంటే బండిని వేరే రాష్ట్రానికి మార్చడానికి అభ్యంతరం లేదనే కాగితం, అక్కడి నుంచే రావాలి. లైఫ్ ట్యాక్స్ సంగతి ఏమిటో అడ్వాన్స్ ఇవ్వకముందే మన ఆర్టీఓ ఆఫీసుకు ఆర్సీ జిరాక్స్ పట్టుకెళ్లి నోటితో అడిగి తెలుసుకోండి. నేను అడగలేదు. ‘అంతా నేను చూసుకుంటాను’ అన్న బ్రోకర్ డబ్బు చేతిలో పడ్డాక ఫోన్ ఎత్తడం మానేశాడు. మూడు నెలలు తిరిగాను.

వేరే రాష్ట్రం బండి అయితే ఎన్‌ఓసీకి ఫారం 28, మారిన యాజమాన్యానికి ఫారం 29, 30, పాత ఫైనాన్స్ తీసేయడానికి ఫారం 35, ఇక్కడి కొత్త నంబర్‌కు ఫారం 27. ఫైనాన్స్ తీరిపోయినా ఆర్సీలో బ్యాంకు పేరు అలాగే ఉండిపోయిన బండ్లు చాలా ఉంటాయి. ఆ ఫారం 35 మీద బ్యాంకు సంతకం తెచ్చే పని అమ్మేవాడిదే. మీ నెత్తిన వేసుకోకండి. లైఫ్ ట్యాక్స్ బండి వయసును బట్టి, మొదట కొన్న ధర మీద లెక్క కడతారు. కాబట్టి పాత ఇన్‌వాయిస్ కాపీ అడిగి తీసుకోండి. 12 లక్షలకు కొన్నాను కదా, దాని మీదే ట్యాక్స్ అనుకుంటే పొరపాటు.

ఢిల్లీ బండ్లు ఇంకా చవక. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ బండ్ల మీద ఏళ్ల తరబడి ఆంక్షలు నడుస్తుండటమే కారణం. ట్యాక్సు, రవాణా, ఎన్‌ఓసీ అన్నీ కలిపాక ఆ చవక ఎంత మిగులుతుందో కాగితం మీద వేసి చూడండి.

సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది. తరువాత ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. 2022 ఏప్రిల్ నుంచి మామూలు కారుకు ఆ ఫీజు 5,000 అయితే, దిగుమతి బండికి 40,000 చేశారు. కూపేలు దాదాపు అన్నీ విదేశాల్లో తయారై వచ్చినవే. అందుకని 14 ఏళ్ల బండి బేరం ఆడేటప్పుడు ఆ ఏడాది ఫీజు ఎంత నడుస్తోందో కనుక్కుని ధరలోంచి తగ్గించుకోండి.

బండి దగ్గర

పగటిపూటే వెళ్లండి. బండి తడిసి ఉండకూడదు, నీడలో ఉండకూడదు. ‘ఇప్పుడే కడిగించాను సార్’ అంటే ఆరేదాకా టీ తాగి రండి. ఇంజన్ చల్లగా ఉండాలని ముందే ఫోన్‌లో చెప్పండి. మీరు వెళ్లేసరికి బోనెట్ వేడిగా ఉంటే చల్లటి స్టార్టింగ్‌లో వచ్చే చప్పుడు దాచారన్నమాట.

కూపేకే సొంతమైన సంగతి తలుపుతో మొదలుపెడతాను, ఎందుకంటే మామూలు కార్ల మెకానిక్‌లు దీన్ని చూడరు. ఈ బండ్ల అద్దాలకు చుట్టూ ఫ్రేము ఉండదు. హ్యాండిల్ లాగగానే అద్దం ఒక సెంటీమీటరు కిందికి జారి రబ్బరులోంచి బయటపడుతుంది. తలుపు వేయగానే పైకెళ్లి మళ్లీ రబ్బరులో దూరుతుంది. మోటారు నీరసించినా, బ్యాటరీ బలహీనపడినా అద్దం జారదు. అయినా తలుపు బలంగా లాగితే రబ్బరు చిరుగుతుంది, మన వాన లోపలికి వస్తుంది. రెండు తలుపులూ పదిసార్లు తీసి వేయండి. తలుపు పొడుగు, బరువు ఎక్కువ కాబట్టి సగం తెరిచి పైకి ఎత్తి చూడండి. ఊగితే కీళ్లు అరిగాయి. ముందు సీటు మడిచి మీరే వెనక్కి దూరి కూర్చోండి. ఇంకో మాట, మీ ఇంటి పోర్టికోలో ఈ తలుపు పూర్తిగా తెరుచుకునేంత జాగా ఉందో లేదో టేపు పెట్టి కొలుచుకోండి. నవ్వకండి, నేను గోడకు థర్మోకోల్ అంటించుకున్నాను.

తరువాత పైకప్పు. అందరూ తలుపులు, బంపర్లు తట్టి చూస్తారు, పైన చూడరు. మన తీరంలో 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్, 2018 అక్టోబర్‌లో తిత్లీ వచ్చాయి. చెట్లూ కొమ్మలూ మీద పడి టాపు నొక్కుకుపోయి, టింకరింగ్ చేయించుకున్న బండ్లు ఉన్నాయి. పెయింట్ మందం కొలిచే మీటర్ మెకానిక్ దగ్గర ఉంటుంది. కంపెనీ పెయింట్ సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్లు ఉంటుంది. ఒకచోట 300 చూపిస్తే రెండోసారి రంగు పడింది. వెయ్యి దాటితే కింద పుట్టీ ఉంది. అయస్కాంతం పెట్టి చూసే పాత చిట్కా టీటీ దగ్గర నడవదు. దాని బాడీలో మూడింట రెండొంతులు అల్యూమినియమే.

వరద బండి అనుమానం ఎప్పుడూ మనసులో ఉంచుకోండి. 2015 డిసెంబర్‌లో చెన్నై, 2020 అక్టోబర్‌లో హైదరాబాద్, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ మునిగాయి. ఆ నీళ్లలో నిలబడ్డ బండ్లు కడుక్కుని ఎక్కడో ఒకచోట అమ్ముడుపోతూనే ఉంటాయి. సీటు బెల్టును చివరిదాకా బయటికి లాగండి. అడుగున బురద చార ఉంటే ఇక మాట్లాడేదేం లేదు. సీటు కింది పట్టాలు, స్టీరింగ్ కింది మరలు తుప్పు పట్టాయా? డిక్కీలో చాప ఎత్తితే మూలల్లో ఇసుక ఉందా? కాళ్ల దగ్గర కార్పెట్ కింద చేయి పెట్టి నొక్కితే తడి తగులుతుందా? సెంటు వాసన ఘాటుగా కొడుతుంటే అది దేన్ని కప్పడానికో ఆలోచించండి.

కార్పెట్ తడికి వరదే కారణం కానక్కర్లేదు. సన్‌రూఫ్ నీళ్లు పోయే సన్నటి గొట్టాల్లో వేపాకులు ఇరుక్కుంటే ఆ నీళ్లు లోపలికే దిగుతాయి. జర్మన్లు కొన్ని కంట్రోల్ బాక్సులను సరిగ్గా కార్పెట్ కిందే పెట్టారు. సన్‌రూఫ్ తెరిచి మూలన అర గ్లాసు నీళ్లు పోయండి. బండి కింద చక్రం దగ్గర కారాలి.

భీమిలి, కళింగపట్నం, బారువ వైపు సముద్రం పక్కన పెరిగిన బండి అయితే జాకీ పెట్టే చోట్లు, బ్రేక్ పైపులు, వైర్ల ఎర్తింగ్ బిగించిన మరలు చూడండి. బాడీ మీద తుప్పు కనిపించదు, లోపల కరెంటు కనెక్షన్లలో పచ్చగా పూస్తుంది. దాంతో వచ్చే జబ్బులు ఈరోజు కనిపిస్తాయి, రేపు మాయమవుతాయి.

టైర్ల పక్కన నాలుగంకెలుంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం తయారీ. అరుగుదల లేకపోయినా ఆరేళ్లు దాటితే మార్చాల్సిన ఖర్చు కింద రాసుకోండి. ముందు ఒక సైజు, వెనక ఒక సైజు ఉండటం ఈ బండ్లలో మామూలే, కాబట్టి ముందువి వెనక్కి మార్చుకోవడం కుదరదు. చాలా బీఎండబ్ల్యూలలో స్టెప్నీ అసలు ఉండదు.

తాళాలు రెండూ ఇవ్వాలి. ఒకటే ఉందంటే రెండో తాళం ఖర్చు ధరలోంచి కోసేయండి.

నడిపి చూడటం

ఊళ్లో ఒక చుట్టు తిప్పి ఇచ్చేయడం టెస్ట్ డ్రైవ్ కాదు. కనీసం 40 నిమిషాలు కావాలి. బండి విజయనగరంలో ఉంటే నేనైతే మూడు లాంతర్ల దగ్గర రద్దీలో మొదలుపెట్టి, చింతలవలస మీదుగా నాతవలస దగ్గర హైవే ఎక్కి, తిరిగి వస్తాను. రద్దీలో ఇంజన్ వేడి, ఏసీ, గేర్‌బాక్స్ కుదుపు తెలుస్తాయి. హైవే మీద స్టీరింగ్ వణుకు, గాలి చప్పుడు తెలుస్తాయి. ఊళ్లలోని స్పీడ్ బ్రేకర్లు బుష్‌ల సంగతి చెప్పేస్తాయి. మ్యూజిక్ ఆపేయండి. అమ్మేవాడు పక్కన కూర్చుని ఆగకుండా మాట్లాడుతుంటే, ‘రెండు నిమిషాలు ఆగండి సార్’ అని మర్యాదగా చెప్పండి.

ఆటోమేటిక్ గేర్‌బాక్సు ఒకటి నుంచి రెండుకు, రెండు నుంచి ఒకటికి మారేటప్పుడు వెనక నుంచి ఎవరో తన్నినట్టు ఉండకూడదు. ‘లైఫ్ టైమ్ ఆయిల్ సార్, మార్చక్కర్లేదు’ అంటారు. బీఎండబ్ల్యూకి గేర్‌బాక్సులు తయారుచేసి ఇచ్చే జెడ్ఎఫ్ కంపెనీయే 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య ఆయిల్ మార్చమంటుంది.

ఏసీని మధ్యాహ్నం ఎండలో చూడండి. రోహిణి కార్తెలో చల్లబరిచేదే ఏసీ. లోపలి కూలింగ్ కాయిల్ లీకైతే డ్యాష్‌బోర్డు మొత్తం విప్పాలి, సామాను కంటే కూలీ ఎక్కువవుతుంది.

వెనక్కి వచ్చాక మెకానిక్ స్కానర్ తగిలిస్తాడు. అన్ని కంట్రోల్ బాక్సుల్లో తప్పుల జాబితా తీయించి ఫోటో తీసుకోండి. మీటర్ తిప్పిన బండి ఇక్కడే దొరుకుతుంది. డయల్ మీద 48,000 చూపించినా, లోపలి ఇంకో బాక్సులో 1,10,000 అని మిగిలిపోయి ఉండొచ్చు. తప్పులన్నీ ముందురోజే చెరిపేసి ఉంటే అదీ ఒక సమాచారమే.

బేరం, డబ్బు ఇవ్వడం

మెకానిక్ రాసిన జాబితాకు సామాన్ల ధరలు కట్టి ఆ కాగితం అమ్మేవాడి ముందు పెట్టండి. గొంతు పెంచక్కర్లేదు. మనసులో ఒక అంకె పెట్టుకుని, అది దాటితే లేచి వచ్చేయండి. ఎర్ర రంగు బండి పక్కన నిలబడి ఆ అంకె గుర్తుంచుకోవడం కష్టమే, అందుకే దాన్ని ముందే ఇంట్లో ఎవరికైనా చెప్పి బయల్దేరండి.

డబ్బు బ్యాంకు నుంచి బ్యాంకుకే. రెండు లక్షలు, ఆపైన నగదు పుచ్చుకోవడం ఆదాయపు పన్ను చట్టం ప్రకారం కుదరదు, రేపు గొడవైతే మీ దగ్గర రుజువూ ఉండదు. డెలివరీ లెటర్ మీద తేదీతోపాటు గంట, నిమిషం కూడా రాయించుకోండి. అంతకు ముందరి చలాన్లు, కేసులు ఆయనవి. ఎన్‌ఓసీ చేతికి వచ్చేదాకా కొంత డబ్బు ఆపుకోండి. పేరు మార్చుకోవడానికి కొన్నవాళ్లకు చట్టం 30 రోజులు ఇచ్చింది, ఇన్సూరెన్స్ మార్చమని 14 రోజుల్లో కంపెనీకి రాయాలి. పాత ఓనర్ నో క్లెయిమ్ బోనస్ ఆయనతోనే పోతుంది, మీకు రాదు.

ఇంటికి తెచ్చుకోవడం, మొదటి నెల

హైదరాబాద్‌లో కొంటే నడుపుకుంటూ రాకండి, ఫ్లాట్‌బెడ్ మీద తెప్పించుకోండి. నేను సరదా పడి నడిపాను. అన్నవరం దాటాక ఇంజన్ వేడెక్కిందని ఎర్ర లైటు వెలిగింది. ఇంకో రెండు కిలోమీటర్లు పోనిచ్చి ఉంటే అల్యూమినియం హెడ్ వంగిపోయేది, ఆపడం ఒక్కటే నేను ఆరోజు చేసిన తెలివైన పని. వాటర్ పంపు పోయింది. తెలియని బండిని మొదటి వెయ్యి కిలోమీటర్లు తిరిగేదాకా దూర ప్రయాణాలకు తీయకండి. బండి ఆగిపోతే చక్రాల మీద లాగించవద్దు, ముఖ్యంగా ఆటోమేటిక్‌లను, నాలుగు చక్రాలకూ ఇంజన్ శక్తి అందే క్వాట్రో లాంటివాటిని. ఫ్లాట్‌బెడ్ వాడి నంబర్ ఫోన్‌లో ఉంచుకోండి.

మొదటి వారంలోనే ఇంజన్ ఆయిల్, ఫిల్టర్లు, కూలెంట్, బ్రేక్ ఆయిల్ అన్నీ మార్చేయండి. పాత ఓనర్ ఎప్పుడు మార్చాడన్నది వదిలేయండి, ఈరోజు నుంచి మీ లెక్క మొదలవుతుంది. డబ్బా మీద ‘సింథటిక్’ అని ఉంటే చాలదు. పాత పెట్రోల్ బెంజ్‌కి 229.5, బీఎండబ్ల్యూకి ఎల్ఎల్-01, ఆడికి 502 00 అనే కంపెనీ ఆమోదపు నంబర్లు డబ్బా మీద వెతకండి. తరువాత 10,000 కిలోమీటర్లకో ఏడాదికో, ఏది ముందైతే అప్పుడు మార్చండి. బీఎండబ్ల్యూలో కొత్త బ్యాటరీ వేస్తే స్కానర్‌తో బండికి ఆ సంగతి చెప్పాలి. లేకపోతే పాత బ్యాటరీ అనుకునే చార్జింగ్ చేస్తూ పోతుంది.

పెట్రోల్ మూత లోపల ఎంత ఆక్టేన్ కావాలో రాసి ఉంటుంది, చాలావాటికి 95. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపినది. ఆ కాలపు బండ్లు పది శాతం వరకే తయారై వచ్చాయి. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, మన గాలిలో తేమకు కొదవ లేదు. అందుకని నిండు ట్యాంకుతో నెలల తరబడి బండి నిలపకండి. పెట్రోల్ గొట్టాలు, రబ్బరు వాషర్లు ఏటా చూపించండి.

వారానికోసారైనా అరగంట నడపండి. నిలబెట్టిన బండికి వానాకాలంలో లెదర్ మీద బూజు, కోతల కాలంలో ఎలుకలు. మా ఎలుక ఒక్క రాత్రిలో ఏబీఎస్ వైరు కొరికేసింది, ఆ సన్నటి తీగ దొరకడానికి మెకానిక్‌కి రోజంతా పట్టింది. ప్లాస్టిక్ కవర్ కప్పితే తేమ లోపలే ఉండిపోతుంది, గాలి ఆడే గుడ్డ కవర్ వాడండి. డిక్కీలో చిన్న గాలి పంపు, పంక్చర్ కిట్ తప్పనిసరి. స్టెప్నీ లేని బండితో సాయంత్రం పూట పార్వతీపురం రోడ్డులో నిలబడి చూస్తే ఆ రెండింటి విలువ తెలుస్తుంది. స్పీడ్ బ్రేకర్లను ఒక చక్రం తరువాత ఒకటి ఎక్కేలా ఏటవాలుగా దాటండి.

పూజకు పైడితల్లమ్మ గుడికి తీసుకెళ్తారో, అరసవల్లికో మీ ఇష్టం. నిమ్మకాయలు చక్రాల కిందే కాబట్టి ఫర్వాలేదు. కొబ్బరికాయ మాత్రం బంపర్‌కు రెండు గజాల దూరంలో కొట్టించండి. పసుపూ కుంకుమా బోనెట్ మీద వద్దు, ఎండకు రంగులోకి దిగిపోయి మరక పోదు. నంబర్ ప్లేటుకు పెట్టమని పూజారిగారిని ముందే అడగండి.